మతం కాలమ్ ఖాళీగా వదిలేయొచ్చా?

మొన్న వేసవి సెలవుల్లో మా అమ్మాయిని వేరే స్కూల్లో చేర్చడానికి ఆన్‌లైన్ అప్లికేషన్ నింపుతూ కూచున్నా. పేరు, పుట్టిన తేదీ, బ్లడ్ గ్రూపు, తండ్రి ఉద్యోగం... అన్నీ చకచకా అయిపోయాయి. తర్వాత 'మతం'. పక్కన ఎర్ర స్టార్ గుర్తు. నొక్కితే హిందూ, ముస్లిం, క్రిస్టియన్, సిక్కు, బౌద్ధ, జైన... అంతే. 'మతం లేదు' అన్నది లేదు. కనీసం 'ఇతరములు' కూడా లేదు. ఖాళీగా వదిలేసి సబ్మిట్ కొడితే 'దయచేసి మతం ఎంచుకోండి' అని ఎర్రక్షరాలు.

నాకు దేవుడి మీద నమ్మకం లేదు. ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో పోయింది, మళ్ళీ రాలేదు. మా ఆవిడకి బోలెడంత ఉంది. ప్రతి శనివారం గుడికెళ్తుంది. దింపేది నేనే. బయట బండి దగ్గర నుంచుంటా, ప్రసాదం మాత్రం వదలను. పులిహోరకీ నాస్తికత్వానికీ తగాదా ఏమీ లేదు కదా :) పెళ్ళికి ముందే మేమిద్దరం ఒక మాట అనుకున్నాం. పుట్టబోయే పిల్లల తరఫున ఏ కాయితం మీదా మనం మతం రాయొద్దు, పెద్దయ్యాక వాళ్ళే తేల్చుకుంటారు అని. ఆవిడ తన మాట నిలబెట్టుకుంది. అత్తగారింట్లో, పుట్టింట్లో ఎన్ని మాటలు పడిందో నాకు తెలుసు.

స్కూలుకి ఫోన్ చేశా. "సార్, ఏదో ఒకటి పెట్టేయండి సార్. మీ పేరు చూస్తే తెలుస్తూనే ఉందిగా!" అంది ఆఫీసులో ఉన్నావిడ, చాలా మర్యాదగానే. ఆ రాత్రి పన్నెండుకి గడువు. పదకొండున్నర దాకా చూసి, హిందూ అని పెట్టి కొట్టేశా. పక్కనుంచి చూసిన మా ఆవిడ ఒకే మాట అంది. "చివరికి మీ చేత్తో మీరే పెట్టేశారన్నమాట."

ఆ మాట గుచ్చుకుంది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

2009లో, నా మొదటి ఉద్యోగంలో, ఒక కాలేజీ అడ్మిషన్ల ప్రాజెక్టు మీద పనిచేశా. ఆ ఫారం రాసింది నేనే. మతం తప్పనిసరిగా అడగమని రిక్వైర్‌మెంట్స్‌లో ఎక్కడా లేదు. కాలమ్ ఉండాలని మాత్రమే ఉంది. నేనే టేబుల్లో 'నాట్ నల్' అని పడేశా, స్క్రీన్ మీద స్టార్ పెట్టేశా. టెస్టింగ్ చేసే అమ్మాయి "ఇది ఖాళీగా వదలాలనుకుంటే?" అని బగ్ రాసింది. "మతం లేనివాళ్ళు ఎవరుంటారు?" అని రాసి ఆ బగ్ మూసేశా. అప్పటికి నాకే మతం లేక ఆరేళ్ళు! నా సంగతి నాకే గుర్తురాలేదు. ఎవడూ నన్ను తొక్కెయ్యలేదు, ఎవరి కుట్రా లేదు. బద్ధకం, అలవాటు, అంతే. అందుకే ఆ స్కూలు ఫారం రాసిన కుర్రాడి మీద నాకు కోపం రావట్లేదు. వాడు నేనే.

సరే, చట్టం ఏమంటుందో చూద్దాం. మన రాజ్యాంగం 25వ అధికరణం మొదట చెప్పేది అంతరాత్మ స్వేచ్ఛ గురించి. మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కు ఆ తర్వాత వస్తుంది. నమ్మేవాడికైనా నమ్మనివాడికైనా ఆధారం ఆ ఒక్క అధికరణమే. మంత్రుల ప్రమాణ స్వీకారాలు టీవీలో చూసే ఉంటారు. కొందరు 'దైవసాక్షిగా' అంటారు, కొందరు 'ఆత్మసాక్షిగా' అంటారు. రాజ్యాంగం మూడో షెడ్యూల్లోనే ఆ రెండు దారులూ ఉన్నాయి. అంటే ముఖ్యమంత్రి కాబోయే మనిషికి రెండు ఆప్షన్లు ఇచ్చాం, నాలుగో తరగతి పిల్లకి ఇవ్వలేకపోయాం!

ఇది నా ఒక్కడి బాధేం కాదు. వనపర్తి జిల్లా కొత్తకోటలో ఒక దంపతులకి 2019లో బాబు పుట్టాడు. మతం, కులం లేవని నమోదు చేయమని అడిగితే మున్సిపాలిటీ కుదరదంది. ఆన్‌లైన్ ఫారంలో ఆ వీలే లేదు మరి. వాళ్ళు హైకోర్టుకెళ్ళారు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. మతం వద్దనుకునే హక్కు కూడా 25వ అధికరణంలో ఉందనీ, దరఖాస్తులో 'మతం లేదు', 'కులం లేదు' అన్న కాలమ్‌లు పెట్టమనీ చెప్పింది. ఒక డ్రాప్‌డౌన్‌లో రెండు లైన్లు చేర్చడానికి నాలుగేళ్ళూ ఒక హైకోర్టూ కావలసొచ్చాయి. మన భాషలో చెప్పాలంటే పదినిమిషాల పని.

అంతకుముందు 2014లో బాంబే హైకోర్టు కూడా ఇలాగే చెప్పింది. ఎవరినీ మీ మతమేదో చెప్పమని ప్రభుత్వం బలవంతపెట్టకూడదు అని. తమాషా ఏంటంటే, ఆ కేసు వేసినవాళ్ళు నాస్తికులు కారు. ఏసు ఉన్నాడంటారు, మతం మాత్రం వద్దంటారు. కాబట్టి ఆ ఖాళీ గడి నాలాంటివాళ్ళకి మాత్రమే కాదు, భక్తులకి కూడా పనికొస్తుంది.

"అయితే ఆఫీసులో ఆయుధపూజ కూడా ఆపించేస్తారా?" అని ఓ కొలీగ్ అడిగాడు. లేదు బాబూ. దసరాకి సర్వర్ రాక్‌కి పసుపు కుంకుమ పెట్టుకోండి, గుమ్మడికాయ కొట్టుకోండి. నేనూ వచ్చి కొబ్బరిముక్క తింటా. పక్క క్యూబికల్ అతను శుక్రవారం నమాజుకి వెళ్తే మీటింగు గంట జరుపుకుందాం. నా కళ్ళముందు ఎవరి భక్తీ కనపడకూడదు అనే హక్కు నాకు లేదు. 'టీమంతా వరసలో నుంచుని హారతి తీసుకోవాలి, ఎవరు రాలేదో మేనేజర్ చూస్తున్నాడు' అన్నప్పుడే పేచీ. రమ్మని పిలవడం వేరు, హాజరు వేయడం వేరు.

ఈ తేడాని మనకి బాగా చెప్పిన తీర్పు నాస్తికులది కాదు, గట్టి భక్తులది. 1985లో కేరళలో ముగ్గురు పిల్లల్ని స్కూలు నుంచి పంపేశారు. వాళ్ళు యెహోవా సాక్షులు. జాతీయగీతం వచ్చినప్పుడు లేచి గౌరవంగా నుంచునేవాళ్ళు, పాడేవాళ్ళు కాదు. వాళ్ళ విశ్వాసం ఒప్పుకోదు. 1986లో సుప్రీంకోర్టు ఆ పిల్లల్ని తిరిగి చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. ఆ నమ్మకం మనకి వింతగా ఉందా లేదా అన్నది కాదు, వాళ్ళు నిజంగా నమ్ముతున్నారా లేదా అన్నదే ముఖ్యం అన్నారాయన. ఆ పిల్లలకి 'పాడను' అనే హక్కు ఉందంటే, నాకు 'ఎంచుకోను' అనే హక్కూ ఉన్నట్టే. వాళ్ళది కాపాడకుండా నాది నిలబడదు.

మనకి ఇదేం కొత్త కాదు కూడా. గోరా గారు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు, 1947లో విజయవాడకి మార్చారు. గాంధీగారి దగ్గరికే వెళ్ళి దేవుడు లేడని వాదించిన మనిషాయన. ఆయన కూతురి పెళ్ళి ఒక దళిత యువకుడితో సేవాగ్రాంలో జరిపించడానికి గాంధీగారు ఒప్పుకున్నారు. 'దేవుడి పేరున' అనే చోట 'సత్యం పేరున' అనడానికి కూడా సరేనన్నారు. ఈలోగా ఆయన్ని చంపేశారు. 1948 మార్చిలో ఆ పెళ్ళి అక్కడే జరిగింది. రోజూ ప్రార్థన చేసే ముసలాయన, ఎదుటివాడి కోసం ఒక మాట మార్చుకున్నాడు. మన డ్రాప్‌డౌన్ అంతకంటే పవిత్రమైనదా?

ఇంకో ప్రశ్న కూడా వస్తుంది. లెక్కలు ఉండొద్దా, రిజర్వేషన్లు, స్కాలర్‌షిప్పులు ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. షెడ్యూల్డు కులాల హోదాని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మతంతో ముడిపెట్టింది. మొదట హిందువులకే, 1956లో సిక్కులకీ, 1990లో బౌద్ధులకీ. అందుకే నమ్మకం లేని దళిత మిత్రుడు 'మతం లేదు' అని రాయడానికి నాకంటే వందరెట్లు భయపడతాడు. రేపు సర్టిఫికెట్ దగ్గర ఎవరేమంటారో అని. నా పంతం నాకు ఖరీదైంది కాదు, అతనిది అలా కాదు. కాబట్టి కాలమ్ తీసేయమని నేననట్లేదు. అవసరమున్నచోట అడగండి, ఎందుకడుగుతున్నారో చెప్పండి, స్టార్ మాత్రం తీసేయండి.

లెక్కల మాటకొస్తే, 2011 జనాభా లెక్కల్లో సుమారు 28.7 లక్షలమంది 'మతం తెలపలేదు' అన్న వరసలో ఉన్నారు. వీళ్ళంతా నాస్తికులని కాదు. చెప్పనివాళ్ళు వేరు, లేనివాళ్ళు వేరు. నల్ వేరు, జీరో వేరు అని ఫ్రెషర్లకి మొదటివారంలో నేర్పేది మనమే కదా. మనుషుల దగ్గరికొచ్చేసరికి రెండూ ఒకటే అయిపోతాయి, లేదంటే రెండూ ఉండవు.

ఇది చదివేవాళ్ళలో సగంమంది ఏదో ఒక రోజు ఇలాంటి ఫారం రాస్తారు. అందుకే మీకు చెప్తున్నా. మతం కాలమ్ వస్తే, ఇది దేనికని క్లయింటుని ఒక్కసారి అడగండి. 'మతం లేదు', 'చెప్పదలచుకోలేదు' అని రెండు వేర్వేరు ఆప్షన్లు పెట్టండి. పేరు చూసి మతం ఊహించే కోడు రాయకండి. టెస్టర్ బగ్ రాస్తే, నాలాగా మూసేయకండి.

ఇంతకీ స్కూలుకి ఉత్తరం రాశాను, హైకోర్టు తీర్పు జతచేసి. పాప రికార్డులో మతం తీసేయమని అడిగాను. 'వెండర్‌కి చెప్తాం' అన్నారు. ఆ మాటకి అర్థం మనకి తెలీనిదేం కాదు! నెలకోసారి గుర్తుచేస్తున్నా. మా ఆవిడ కూడా ఆ ఉత్తరం మీద సంతకం పెట్టింది. పెట్టి, గుడికెళ్ళింది.

మీ పిల్లల ఫారంలో ఆ గడి దగ్గర మీరేం చేశారు?