డెడ్ బాల్ అంటే డెడ్ బాలే
స్లో పిచ్ సాఫ్ట్‌బాల్‌లో బేస్ దొంగిలించకూడదనే, అంటే బంతిని కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరిగెత్తకూడదనే పాత నిబంధనను పిరికిదని కొట్టిపారేసేవాళ్లు అమెరికా పార్కు లీగుల్లో ఉన్నారు. నాకైతే ఆ నిబంధనే న్యాయమనిపిస్తుంది. యుఎస్ఏ సాఫ్ట్‌బాల్ నియమాల్లో బంతిని కనీసం 6 అడుగుల ఎత్తుకు లేపి మెల్లగా వేయాలి. అది కిందికి దిగేలోపు పరిగెత్తడంలో గొప్పేముంది? అందుకే బంతి ప్లేటును చేరేదాకానో, నేలను తాకేదాకానో, బ్యాట్‌కు తగిలేదాకానో రన్నర్ బేస్ వదలకూడదు. ముందే కదిలితే డెడ్ బాల్, అంటే ఆట ఆగిపోతుంది; రన్నర్ అవుట్, వేసిన ఆ బంతి లెక్కలోకి రాదు. అసలు పేచీ ఇంకోచోట. బ్యాటర్ వదిలేసిన బంతిని క్యాచర్ తిరిగి విసిరాడు, అది పిచర్ తల మీదుగా పోయింది. ఓవర్‌త్రోకి పరుగు తీసే మన క్రికెట్ బుద్ధి ‘పరిగెత్తు’ అంటుంది. కానీ దొంగతనం ఒప్పుకోని ఆటలో, కొట్టని బంతి స్ట్రయికో బాలో తేలగానే డెడ్ బాల్, ఆట ఆగిపోయినట్టే. రన్నర్ వెనక్కి రావాల్సిందే. దొంగతనాన్ని ఒప్పుకునే లీగులూ ఉన్నాయి, వాళ్లిష్టం. కాకపోతే ఏ పద్ధతో మొదటి బంతికి ముందే రెండు జట్లకూ చెప్పండి. అంపైర్లూ, ‘డెడ్ బాల్’ అని మీలో మీరు అనుకోవడం కాదు, మైదానమంతా వినబడేలా అరవండి.