కుక్కకు డాక్టరు సరే, పట్టేవాడికి ఎవరు?



పోయిన భాగంలో మున్సిపాలిటీలు పారిశుధ్య పనిని ఏజెన్సీల చేతికి ఎట్లా అప్పజెప్పాయో రాశాను. ఈసారి వీధి జంతువుల వైద్యం గురించి రాస్తానంటే ఒక విద్యార్థి మిత్రుడు అడిగాడు: "అక్కా, మనుషులకే దిక్కులేదు, మధ్యలో కుక్కల ముచ్చట మనకెందుకు?" అడగాల్సిన ప్రశ్నే. దానికి జవాబుగానే ఈ భాగం.

విషయం ఇది. బండి గుద్ది రోడ్డు పక్కన పడిపోయిన కుక్కకో, ఆవుకో అర్ధరాత్రి వైద్యం ఎవరు చేయాలి? ప్రభుత్వ పశువైద్యశాల పగటిపూట పనిచేస్తుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఉన్న 1962 సంచార వాహనాలు ప్రధానంగా రైతుల పశువుల కోసం పెట్టినవి. కాబట్టి నగరపాలక సంస్థలు ప్రైవేటు పశువైద్యులతో కాంట్రాక్టు కుదుర్చుకుని ఈ అత్యవసర పని చేయించాలని జంతు ప్రేమికులు అడుగుతున్నారు. పోస్టులు నింపే బాధ తప్పుతుంది కాబట్టి అధికారులకూ ఇది తేలికైన దారి. "ఎంత మానవత్వం!" అని ఒకవైపు చప్పట్లు. "కుక్కకున్న విలువ మాకు లేదు" అని మనవైపు వెటకారం. ఈ రెండింటితోనూ నాకు పేచీ ఉంది.

ముందు మన వెటకారం సంగతి. గాయపడిన కుక్క ఎక్కడ ఉంటుంది? చెత్తకుప్ప ఉన్నచోట, మాంసం వ్యర్థాలు పడేసేచోట. ఆ కుప్పల పక్కన ఎవరి ఇండ్లున్నాయో మీకు తెలుసు. నొప్పితో ఉన్న కుక్క దగ్గరికొచ్చినవాళ్లను కరుస్తుంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో కుక్కలు చంపేసింది ఒక వాచ్‌మన్ కొడుకును. వాడికి నాలుగేళ్లు. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో 36 శాతం మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో పిల్లలు చాలామంది. లక్షణాలు బయటపడ్డాక హైదరాబాద్‌లో తీసుకుపోయేది నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి, అంటే జనం నోట్లో కోరంటి దవాఖానకు. అప్పటికి చేయి దాటిపోయినట్టే, బతికి బయటపడేవాళ్లు దాదాపుగా ఉండరు. వీధికుక్కకు వేళకు వైద్యం, టీకా అందితే ముందుగా లాభపడేది ఫుట్‌పాత్ మీద పడుకునేవాడు, తెల్లారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే తల్లి.

పైగా ఇది దయాదాక్షిణ్యాల వ్యవహారం కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పురపాలక సంస్థలకు అప్పగించదగ్గ 18 పనులున్నాయి. అందులో బందెలదొడ్లు, జంతువులపై క్రూరత్వ నివారణ ఒకటి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు వీధికుక్కల టీకా, శస్త్రచికిత్సల బాధ్యతను స్థానిక సంస్థల మీదే పెట్టాయి.

మనకు చరిత్ర కూడా ఉంది. మహాద్ చవదార్ చెరువును అందరికీ తెరుస్తూ అక్కడి మున్సిపాలిటీ 1924లోనే తీర్మానం చేసింది. అది కాగితం మీదే ఉండిపోతే 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచిపోయి ఆ నీళ్లు ముట్టుకున్నాడు. పశువులు తాగే చెరువులో మనుషులకు నీళ్లు లేని కాలం అది. అయినా ఆయన పశువులను అక్కడి నుంచి తోలేయమనలేదు, మనుషులకూ నీళ్లు కావాలన్నాడు. జాషువా 'గబ్బిలం'లో దళితుడు గుడిలోకి పోగల గబ్బిలాన్ని చూసి ఏడవడు, దాన్నే దూతగా పెట్టుకుని తన మాట పంపిస్తాడు. మన భాషలో 'కుక్క బతుకు', 'కుక్క చావు' అనే తిట్లు ఎవరి మీద పడ్డాయో తెలిసినవాళ్లం మనం. కుక్కకు వైద్యం వద్దనడం మన వాదన కాకూడదు.

ఇప్పుడు చప్పట్ల సంగతి. ఈ కాంట్రాక్టును కాగితం మీద కాదు, రోడ్డు మీద చూద్దాం. ఫోన్ వస్తుంది. ఎవరో బండి తోలుతారు. ఎవరో ఒకరు నొప్పితో పళ్లు చూపిస్తున్న కుక్కను వలేసో, గోనెసంచి కప్పో పట్టుకుంటారు. మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెడతారు, కదలకుండా నొక్కి పట్టుకుంటారు. అప్పుడు డాక్టరు వస్తారు. వైద్యం అయ్యాక రక్తం, మలం, కట్లు కడిగేది మళ్లీ ఆ చేతులే. కుక్క చనిపోతే మోసుకుపోయి పూడ్చేదీ అవే. ఇన్ని పనుల్లో కాంట్రాక్టు రేటు కట్టేది వైద్యానికి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డాక్టరు రిజిస్టర్ అయి ఉండాలి. అది మంచిదే. మిగతా చేతులకు రిజిస్టర్ ఏది? అవన్నీ కలిపి 'హెల్పర్' అనే ఒక్క మాటలో సర్దేస్తారు.

ఈ పని విభజన కొత్తదేం కాదు. మన ఊళ్లలో పశువు బతికున్నంతకాలం ఆసామిది, చచ్చిన క్షణం నుంచి మాదిగది. కళేబరం ఈడ్చుకుపోవడం వెట్టి. ఆ వెట్టిలోనే మనవాళ్లు పశువు దేహాన్ని కోసి చూశారు, తోలు ఊనారు, ఎముకా కండరమూ ఎక్కడేముందో చేతులతో నేర్చుకున్నారు. కంచ ఐలయ్య మాదిగలను శాస్త్రవేత్తలు అన్నది ఈ జ్ఞానాన్ని చూసే. కానీ ఆ జ్ఞానానికి డిగ్రీ రాలేదు, అంటు వచ్చింది. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నందుకు దళిత యువకులను కట్టేసి కొట్టారు. తర్వాత సురేంద్రనగర్‌లో మనవాళ్లు పశువుల కళేబరాలను తెచ్చి కలెక్టరేట్ ముందు వేశారు. ఆ చేతులు ఆగిపోతే ఏమవుతుందో అప్పుడు ప్రభుత్వానికి వాసనతో సహా తెలిసొచ్చింది.

అదే చేయి ఇప్పుడు ప్రైవేటు పశువైద్యుడి కాంట్రాక్టు కింద హెల్పర్ అవుతుంది. వీధికుక్కను రోజూ పట్టేవాడికి కరవకముందే రేబిస్ టీకా వేయాలి. మొదటి రోజు, ఏడో రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు, మూడు డోసుల పని. చేతికి మందపాటి గ్లౌజులు కావాలి. కరిస్తే వైద్యం ఎవరి ఖర్చు, పనికి రాని రోజులకు కూలి ఎవరిస్తారు అన్నది ఒప్పందంలో రాసి ఉండాలి. రాయకపోతే మున్సిపాలిటీ డాక్టరును చూపిస్తుంది, డాక్టరు ఏజెన్సీని చూపిస్తాడు. సీవర్ మరణాల్లో ఈ దాగుడుమూతలు మనం చూసినవే. అక్కడ 10 లక్షల పరిహారానికి 2014లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అది 30 లక్షలు కావడానికి 2023లో మళ్లీ అదే కోర్టు చెప్పాల్సి వచ్చింది.

రెండో నష్టం కనబడకుండా జరుగుతుంది. మున్సిపాలిటీలో పశువైద్యుడి పోస్టు ఉంటే దానికి నోటిఫికేషన్ ఉంటుంది, రోస్టర్ పాయింటు ఉంటుంది. మన పిల్ల రాజేంద్రనగర్‌లోనో తిరుపతిలోనో పశువైద్యం చదివి ఆ కుర్చీలో కూర్చోగలదు. అదే పని కాంట్రాక్టు అయితే, సొంత క్లినిక్, ఆపరేషన్ గది, అంబులెన్స్ ఉన్నవాళ్లే టెండరు వేయగలరు. ఆ పెట్టుబడి ఏ కులాల దగ్గరుందో పరిశోధన అక్కర్లేదు. వర్గీకరణలో ఎవరి వాటా ఎంత అని మనలో మనం లెక్కలు తేల్చుకుంటున్నాం. పంచుకోవాల్సిన పోస్టే టెండరుగా మారిపోతే ఆ లెక్కలు దేనికి?

మూడోది, ఫోన్ ఎవరు చేస్తారు? కేసుకింత అని డబ్బు కడితే, ఫోన్ వచ్చినచోటికే బండి పోతుంది. యాప్‌లో ఫోటో పెట్టి, లొకేషన్ పంపి, నాలుగుసార్లు అడిగే తీరిక గేటెడ్ కమ్యూనిటీలకు ఉంటుంది. బస్తీలో కాలు విరిగిన కుక్క పిల్లల మధ్యే ఈడ్చుకుంటూ తిరుగుతుంది.

"నోటిఫికేషన్ వచ్చేదాకా గాయపడిన జంతువు ఆగుతుందా?" అని అడగొచ్చు. ఆగదు. రాత్రి డ్యూటీకి మనిషి లేనిచోట ప్రైవేటు వైద్యుణ్ని పిలవడం తప్పంటే అది మొండివాదమే. కాబట్టి తాత్కాలిక ఏర్పాటుగా కాంట్రాక్టు పెట్టుకోనివ్వండి, కానీ షరతులతో. గడువు రాయాలి, ఆ గడువులోపు రెగ్యులర్ పోస్టులు రోస్టర్ ప్రకారం నింపాలి. పట్టేవాళ్లు, మోసేవాళ్లు, కడిగేవాళ్ల పేర్లు, జీతాలు, టీకాలు, బీమా ఒప్పందంలోనే ఉండాలి. కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని చెల్లించాలన్నది 1970 చట్టం నుంచీ ఉన్న సూత్రం, దాన్ని మున్సిపాలిటీకి గుర్తుచేయాలి. ఫోన్‌తో పనిలేకుండా బస్తీలకు వారంలో నిర్ణీత రోజు బండి రావాలి. ఆ బస్తీకి దగ్గరి దవాఖానలో మనుషులకు రేబిస్ టీకాతో పాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా ఉండాలి. పని నేర్చిన చేతులకు డిప్లొమా దాకా పోయే శిక్షణ దారి తెరవాలి.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తాను. మీ మున్సిపాలిటీలో వీధి జంతువుల వైద్యానికో, కుక్కల శస్త్రచికిత్సలకో ఉన్న ఒప్పందం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. కాగితం చేతికొచ్చాక డాక్టరు రేటు దగ్గర ఆగకండి. కుక్కను పట్టే మనిషికి ఎంత ఇస్తారని రాశారు, ఆ మనిషికి టీకా ఎవరు వేయించాలని రాశారు, ఈ రెండూ వెతకండి. ఏమీ రాసి లేకపోతే ఆ పేజీతోనే కమిషనర్ ఆఫీసుకు పోదాం. పోయేటప్పుడు కుక్కలను పట్టే అన్నలను వెంట తీసుకుపోదాం, ముందు వాళ్లే మాట్లాడాలి.

జై భీమ్.