రాతి మీదికి నెట్టిన నేరం

పటాన్‌చెరు, బొల్లారం, ఇస్నాపూర్ బోరు నీళ్లలో మాంగనీస్ ఎక్కువగా ఉందంటూ ఎవరైనా రిపోర్టు చూపిస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది మన రాతి గుణం, ఏ ఫ్యాక్టరీ మాంగనీస్ వదలడం లేదు." రాతిలో మాంగనీస్ ఉన్నమాట నిజమే. దాన్ని అడ్డం పెట్టుకుని ఫ్యాక్టరీలను నిర్దోషులుగా తేల్చడం మాత్రం రసాయన శాస్త్రం ఒప్పుకోని పని.

రాయి శిథిలమైనప్పుడు బయటపడే మాంగనీస్ గాలి తగిలే చోట ఆక్సైడ్‌గా మారి, పగుళ్ల వెంట నల్లటి పూతలా అంటుకుపోతుంది. బావులు తవ్వినవాళ్లకు ఆ నల్లచారలు తెలుసు. ఆ రూపంలో అది నీళ్లలో కరగదు. మరి కరగనిది బోరు నీళ్లలోకి ఎలా వచ్చింది? అడగాల్సింది ఈ ప్రశ్న.

భూమిలోకి సేంద్రియ వ్యర్థం దిగితే సూక్ష్మజీవులు దాన్ని తింటూ ముందు నీళ్లలోని ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అది అయిపోయాక నైట్రేట్ మీద పడతాయి. అదీ తరిగాక ఆ నల్లపూత వంతు వస్తుంది, ఆ తర్వాత ఇనుముది. అప్పుడు పూతలోని మాంగనీస్ రెండు ధనావేశాల అయానుగా మారి నీళ్లలో కలిసిపోతుంది. అంటే రవ్వంత మాంగనీస్ కూడా వదలని ఫ్యాక్టరీ, సాల్వెంట్లు కలిసిన మురుగు వదిలి రాతిలోని మాంగనీస్‌ను కరిగించగలదు. ఆ పూత ఆర్సెనిక్, నికెల్, కోబాల్ట్‌లను కూడా పట్టి ఉంచుతుంది. పూత కరిగిన చోట అవీ విడుదల కావచ్చు.

ఇక్కడ ఆ వ్యర్థాల చరిత్ర కొత్తగా నిరూపించనక్కర్లేదు. నక్కవాగు గుండా మంజీరకు చేరిన రసాయన వ్యర్థాల మీద 1990లోనే సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ పడింది. 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఆ కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. ఇంత జరిగిన నేల మీద నిలబడి తప్పంతా రాతిదేననడం అన్యాయం.

రాయే కారణమైన బోర్లూ ఉంటాయి. ఇళ్ల మురుగు ఇంకిన చోటా, చెరువు బురద పక్కనా ఇదే మార్పు జరుగుతుంది. అందుకే ఊహలు వద్దు, పోల్చి చూడాలి. వాగు కాలుష్యం సోకని ఎగువన, అదే రాతిలో, అంతే లోతున్న బోరు నీళ్లనూ దిగువ బోరు నీళ్లనూ కలిపి పరీక్షించాలి. మాంగనీస్‌తో పాటు కరిగిన ఆక్సిజన్, నైట్రేట్, ఇనుము, సేంద్రియ వ్యర్థం ఎంతుందో అంచనా ఇచ్చే సీఓడీ కూడా చూడాలి. నమూనాను బోరు దగ్గరే 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడగట్టి, ఆ తర్వాతే నైట్రిక్ ఆమ్లం కలపాలి. ముందే కలిపితే రేణువుల్లోని మాంగనీస్ కూడా కరిగి లెక్క తప్పుతుంది. దిగువన ఆక్సిజన్, నైట్రేట్ పడిపోయి, సీఓడీ, మాంగనీస్ పెరిగి కనిపిస్తే రాతి గుణం అన్న మాట అక్కడ చెల్లదు.

"నీళ్లు తేటగా ఉన్నాయి, టీడీఎస్ బాగుంది" అన్న ధైర్యం కూడా పనికిరాదు. కరిగిన మాంగనీస్‌కు రంగు కనిపించదు. వందల్లో అంకె చూపే టీడీఎస్ మీటరుకు అర మిల్లీగ్రాము తేడా అందదు. మరిగిస్తే పోదు, పటికకూ లొంగదు. బ్లీచింగ్ పౌడర్ వేస్తే మెల్లగా గోధుమరంగు తిరిగి ట్యాంకు గోడలకు నల్లగా పడుతుంది, జనం పౌడర్‌ను తిడతారు. ఇనుముకైతే మామూలు నీళ్లలో గాలి తగిలించి ఇసుకలో వడగడితే చాలు. మాంగనీస్‌కు అది చాలదు. పీహెచ్ 9 దాటించాలి, లేదా పర్మాంగనేట్ వాడాలి, లేదా నల్లపూత పట్టిన ఇసుక మీదుగా క్లోరిన్ కలిపిన నీళ్లు పంపాలి. ఆ నల్ల ఇసుకను మురికి అనుకుని తీసి పారేస్తున్నారు. మాంగనీస్‌ను పట్టేది ఆ పూతే, దయచేసి ఉంచండి.

భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో మాంగనీస్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు లేనప్పుడు 0.3 దాకా సర్దుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సీసాపాలు తాగే పసిపిల్లలను దృష్టిలో పెట్టుకుని 0.08ని తాత్కాలిక పరిమితిగా పెట్టింది. ఆ పాలు కలిపే నీళ్లలోని మాంగనీస్ రాతిదైనా, ఫ్యాక్టరీ మురుగు కరిగించినదైనా పసిదాని ఒంట్లో చేసే పని ఒక్కటే.

కాలుష్య నియంత్రణ మండలి ఎగువ, దిగువ బోర్ల ఫలితాలను పక్కపక్కన పెట్టి ప్రచురించాలి. ఎగువ బోరు లెక్క లేకుండా "రాతి గుణం" అని రాసిన ఏ నివేదికనూ ఊరి జనం ఒప్పుకోవద్దు.