గాజుపళ్లెంలో చచ్చిన ఫంగస్

ఒక రాత్రి పదకొండు గంటలకు మా చెల్లెలి కూతురు ఫోన్ చేసింది. "పెద్దమ్మా, నిప్పులు పోసినట్టుంది. కూర్చోలేను, నిలబడలేను" అని ఏడ్చింది. ఆరు నెలలుగా తెల్లబట్ట, దురద. మెడికల్ షాపువాడిచ్చిన గోళీ మింగితే వారం తగ్గడం, మళ్లీ రావడం. వాళ్ల అపార్ట్‌మెంటులో ఆడవాళ్లను కూర్చోబెట్టి నూనెలు అమ్మే ఒకావిడ ఇదంతా విని, "నీది మందులకు లొంగని మొండి ఫంగస్. ఇంగ్లీషు మందులకు అలవాటు పడిపోయింది. ఇక ప్రకృతే దిక్కు" అని తేల్చేసింది. లవంగ నూనె, టీ ట్రీ నూనె కలిపిన చిన్న సీసా చేతిలో పెట్టి, దూది మీద నాలుగు చుక్కలు వేసి లోపల పెట్టుకోమంది. పిల్ల పెట్టుకుంది. పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరమ్మ చూసి, లోపలి పొర కాలిపోయిందని చెప్పింది.

ఆ సీసా ఇప్పుడు నా బల్ల మీద ఉంది. "నూరు శాతం సహజం. దుష్ప్రభావాలు లేవు. పరిశోధనల్లో రుజువైంది" అని దాని మీద అచ్చేశారు. ఆ మూడు మాటలు చదివినప్పుడల్లా నాకు ఆ పిల్ల ఏడుపు వినిపిస్తుంది.

వాళ్ల వాదన న్యాయంగానే చెబుతాను. పరిశోధనలు జరిగిన మాట నిజం. లవంగంలో యూజెనాల్, వాములో థైమాల్, దాల్చినచెక్కలో సిన్నమాల్డిహైడ్, నిమ్మగడ్డిలో సిట్రాల్ ఉంటాయి. ప్రయోగశాలలో గాజుపళ్లెంలో కాండిడా అనే ఈస్టును పెంచి ఈ నూనెలు వేస్తే దాని కణాల పైపొర దెబ్బతిని చచ్చిపోతుంది. ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగని రకాలు కూడా చస్తాయి. ఇది చాలా దేశాల్లో చాలామంది చూసి రాసిందే. దీని మీద పనిచేసే శాస్త్రవేత్తల మీద నాకు గౌరవమే తప్ప ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా ఆ పళ్లేన్ని ఒక ఆడపిల్ల ఒంటికి అంటగట్టినవాళ్ల మీద.

పళ్లేనికి చర్మం లేదు, నరాలు లేవు, కాలేయం లేదు. ఫంగస్ కణం పొరను కరిగించేది మనిషి కణం పొర దగ్గర మర్యాదగా ఆగిపోదు. లవంగ నూనెలో ముప్పాతిక వంతు దాకా, ఒక్కోసారి అంతకు మించీ యూజెనాలే. పంటి నొప్పికి అది మొద్దుబారుస్తుందని మన అమ్మమ్మలకు తెలుసు, దంతవైద్యులూ జింక్ ఆక్సైడ్‌తో కలిపి వాడతారు. కానీ అదే నూనె కొద్దిగా మింగిన పసిపిల్లలు కాలేయం దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు. టీ ట్రీ నూనె కడుపులోకి పోతే మనిషి తూలిపోతాడు, మగతలోకి జారతాడు. మరి "దుష్ప్రభావాలు లేవు" అన్న మాట ఏ పరీక్ష చేసి రాశారు?

సహజం అంటున్నారు. నిస్టాటిన్ అనే ఫంగస్ మందును ఎలిజబెత్ హేజన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు ఒక పొలం మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసి 1950లో లోకానికి చెప్పారు. ఆంఫోటెరిసిన్-బి కూడా వెనెజులాలో ఒరినోకో నది ప్రాంతపు మట్టిలోంచే వచ్చింది. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు మనవాళ్లు ఊళ్లూ ఫోన్లూ గాలించి వెతుక్కున్న ఇంజెక్షన్ అదే. అది వంద శాతం ప్రకృతి ఇచ్చిందే, మూత్రపిండాలను దెబ్బతీయగలదు కూడా. అందుకే డాక్టర్లు రక్తపరీక్షలు చూసుకుంటూ, బరువును బట్టి లెక్కగట్టి ఎక్కిస్తారు. మట్టిలో దొరికిన పదార్థాన్ని మందుగా మార్చింది ఆ లెక్కే. చుక్కల సీసాలో లేనిదీ ఆ లెక్కే.

ఇక "మందులకు లొంగని ఫంగస్" అన్న మాట. ఇంత పెద్ద మాటను అంత తేలిగ్గా ఎలా వాడతారో నాకు అర్థం కాదు. అది నిజంగా ఉన్న జబ్బు. కాండిడా ఆరిస్ అనే ఈస్టును 2009లో జపాన్‌లో ఒక వృద్ధురాలి చెవిలో తొలిసారి గుర్తించారు. తర్వాత కొద్ది ఏళ్లకే ఢిల్లీ ఆసుపత్రుల్లో రోగుల రక్తంలో బయటపడింది. అమెరికాలో పరీక్షించిన నమూనాల్లో దాదాపు 90 శాతం ఫ్లూకొనజోల్‌కు లొంగలేదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యంత ప్రమాదకరమైన నాలుగు ఫంగస్‌లలో దాన్ని చేర్చింది. ఐసీయూలో గొట్టాల మధ్య పడుకున్న మనిషి రక్తంలోకి అది చేరితే ముగ్గురిలో ఒకరికి పైగా చనిపోతున్నారు. ఆ రక్తంలోకి ఏ నూనె చుక్కలు పంపుతారు? నీళ్లలో కలవని నూనెను నరంలోకి ఎక్కించడానికి లేదు. తాగిస్తే ఫంగస్‌ను చంపేంత మోతాదు రక్తానికి అందేలోపు మనిషికే ముప్పు.

మా పిల్లది అది కాదు. ఏదో చెప్పాలంటే కల్చర్ చేయాలి, అంటే నమూనాను ల్యాబులో పెంచి ఏ మందుకు లొంగుతుందో చూడాలి. అప్పటిదాకా ఎవరూ చేయలేదు. అసలు ఈస్టు ఇన్‌ఫెక్షనేనని ఎవరు చెప్పారు? అమెరికాలో తమకు ఈస్టేనని అనుకుని షాపులో మందు కొనుక్కుంటున్న ఆడవాళ్లను పరీక్షించి ఆ ఫలితాలను 2002లో ప్రచురించారు. వాళ్లలో మూడో వంతు మందికే అచ్చంగా అది ఉంది. మిగతావాళ్లలో చాలామందివి వేరే జబ్బులు, వేరే మందులు కావలసినవి.

మా అమ్మ గుర్తొస్తోంది. ఆమెకూ ఈ బాధ ఉండేదని నాకు పెళ్లయిన తర్వాత గానీ తెలియలేదు. "వేడి చేసింది" అనేది. సబ్జా గింజలు నానబెట్టుకుని తాగేది, పటిక నీళ్లతో కడుక్కునేది, దొడ్లో ఒంటరిగా కూర్చునేది. పన్ను నొప్పి వస్తే ఇల్లంతా తెలిసేది, ఇది మాత్రం నాన్నకు కూడా చెప్పలేదు. ఏళ్లు గడిచాక కాలి వేలికి పుండు పడి మానకపోతే అప్పుడు రక్తం పరీక్ష చేశారు. షుగర్ ఎన్నాళ్ల నుంచి ఉందో ఎవరికి తెలుసు? రక్తంలో చక్కెర పెరిగితే ఈస్టుకు పండగ. మళ్లీ మళ్లీ వచ్చే దురద ఒక్కోసారి షుగర్ కొట్టే మొదటి తలుపు. ఆ తలుపు చప్పుడును పటిక నీళ్లతో నొక్కేశాం. వేలు తీసేశారు.

కాలిన గాయం మానాక మా పిల్లకు కల్చర్ చేయించాను. మామూలు కాండిడా, ఫ్లూకొనజోల్‌కు చక్కగా లొంగేదే. దానితోపాటు షుగర్ చూపిస్తే పరగడుపున 214. పిల్ల వయసు ముప్పై ఒక్క ఏళ్లు. ఆరు నెలలు గోళీలు ఇచ్చిన షాపువాడు అడగలేదు. "ప్రకృతి" అన్న ఆవిడ అడగలేదు. ఆ సీసా పని చేసి దురద తగ్గి ఉంటే ఇంకా ఘోరమయ్యేది, ఇంకో రెండేళ్లు దాగి ఉండేది.

1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బులకు మందు ఉందని ప్రకటించడాన్నే నేరం చేసింది. ఆ జాబితాలో స్త్రీల వ్యాధులు ఉన్నాయి. సీసా మీద చీటీ కూడా ఆ చట్టం దృష్టిలో ప్రకటనే. ఆ చట్టం పుట్టి డెబ్బై ఏళ్లు దాటింది, ఆ సీసాలు మాత్రం గడప గడపకూ వస్తున్నాయి. తప్పు అమ్మేవాళ్లదొక్కటే కాదని నాకు తెలుసు. డాక్టరు చీటీ లేకుండా గోళీ చేతిలో పెట్టే షాపులు, పరీక్ష చేయకుండా మూడు మందులు కలిసిన ట్యూబు రాసే వైద్యులు ఆ అమ్మకాలకు దారి వేశారు. అన్నిటికంటే ముందు, ఈ బాధ మాట ఇంట్లో పలకనివ్వని మనం వేశాం.

ఈ బాధ ఏడాదిలో మూడు నాలుగుసార్లు వచ్చిందంటే షుగర్ చూపించుకోండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా చూస్తారు. మందు పని చేయకపోతే కల్చర్ చేయించమని అడగండి. ఫ్లూకొనజోల్‌కు లొంగని రకం నిజంగానే తేలినా డాక్టర్ల దగ్గర వేరే మందులున్నాయి. నోటితో చెప్పడానికి సిగ్గనిపిస్తే ఏం బాధ, ఎన్నాళ్ల నుంచి, ఇప్పటిదాకా ఏమేం వాడారో కాగితం మీద రాసి డాక్టరమ్మ చేతికి ఇవ్వండి. నూనె వాడి ఉంటే అదీ రాయండి.