మోసపోయినవాని సొమ్ము

కంపెనీల వాటాలు కొనుట యొకప్పుడు బొంబాయి, కలకత్తా, మదరాసు నగరములలోని కొలదిమంది ధనికులకు మాత్రమే పరిచితమైన వ్యవహారము. నేడట్లు గాదు. దేశమున డీమ్యాటు ఖాతాలు 2022 ఆగస్టు నాటికే 10 కోట్లు దాటినవి. ఉద్యోగవిరమణానంతరము చేతికి వచ్చిన సొమ్మును, పిల్లల చదువులకై కూడబెట్టిన సొమ్మును, పొలమమ్మిన సొమ్మును మధ్యతరగతి గృహస్థులు వాటాలలో పెట్టుచున్నారు. వీరెవ్వరును కంపెనీ కార్యాలయమున నడుగు పెట్టినవారు కారు. దాని లెక్కల పుస్తకములు తిరుగవేసినవారు కారు. వీరికి గనబడునది కాగితము మీది మాట యొక్కటియే. ఆ మాట యబద్ధమైనచో వీరి గతి యేమి? అబద్ధమాడినవానిని చెఱసాలకు పంపుట యొక ప్రశ్న. మోసపోయినవాని సొమ్ము వానికి తిరిగి యిప్పించుట మఱియొక ప్రశ్న. మొదటి దానిని గూర్చి యందఱును మాటలాడుదురు, రెండవదానిని దలచువారరుదు.

ఈ రెంటికి గల భేదమెంతటిదో తెలియుటకు హైదరాబాదునందలి సత్యం కంపెనీ చరిత్రమే చాలును. తెలుగువారి కంపెనీ యను నభిమానముతో దాని వాటాలు కొన్నవారు ఆంధ్రదేశముననే గాక చెన్నపట్టణమునను, బెంగుళూరునను గూడ గలరు. 2009 జనవరి 7వ తేదీన కంపెనీ యధ్యక్షులు శ్రీ బి. రామలింగరాజుగారు తమ డైరెక్టర్ల సభకు లేఖ వ్రాసి, బ్యాంకులయందున్నట్లు లెక్కలలో జూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని యొప్పుకొనిరి. అంతకు ముందు సుమారు 179 రూపాయలు పలికిన వాటా నాటి సాయంకాలమునకు 40 రూపాయలకు దిగిపోయెను. 2015 ఏప్రిల్ 9వ తేదీన హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము పది మందిని దోషులుగా నిర్ణయించి 7 సంవత్సరముల శిక్ష విధించినది. మరుసటి నెలలోనే పై కోర్టువారా శిక్షను నిలిపి ముద్దాయిలను జామీనుపై విడిచిరి. అక్రమముగ నార్జించిన 1,849 కోట్ల రూపాయలను వడ్డీతో కక్కవలయునని సెబీ సంస్థ 2014లో నాజ్ఞాపింపగా, వ్యవహారమప్పీలునకు పోయి, తిరిగి విచారణకు వచ్చి, 2018లో నొక మొత్తమునకు, 2023లో వేఱొక మొత్తమునకు ఆజ్ఞలు వెలువడినవి. రెడ్డి వచ్చె మొదలాడె నన్నట్లున్నది.

ఇదే కాలమున సముద్రమునకావల జరిగినదేమి? సత్యం కంపెనీ 2001లో తన వాటాలకు బదులు పత్రములను న్యూయార్కు విపణిలో నమ్మకమునకు బెట్టి యుండెను. వానిని కొని నష్టపోయినవారందఱు కలిసి యొక్క దావా వేసిరి. 2011లో కంపెనీ వారికి 12 కోట్ల 50 లక్షల డాలర్లును, లెక్కలు తనిఖీ చేసిన ఆడిటరు సంస్థ వేఱుగా 2 కోట్ల 55 లక్షల డాలర్లును చెల్లించుటకు రాజీ పడినవి. మన దేశమున పెట్టుబడిదారుల సంఘమొకటి నష్టపరిహారమునకై జాతీయ వినియోగదారుల కమిషను నాశ్రయింపగా ఫలము లేకపోయెను. 2009లో సుప్రీంకోర్టును జోక్యము కలిగించుకొనలేదు. కంపెనీ యొకటే, అబద్ధమొకటే, నష్టమొకటే. న్యూయార్కులో కొన్నవానికి పరిహారము లభించినది. హైదరాబాదులో కొన్నవానికి లభింపలేదు. ఇంతకంటె విపరీతమేమనగా, అమెరికావారికి చెల్లించిన సొమ్ము కంపెనీ ఖజానానుండి పోయినది. ఆ ఖజానా యెవరిది? కంపెనీయందు వాటాలుంచుకొన్న మనవారిది. మోసపోయిన భారతీయుడు, మోసపోయిన అమెరికనునకు తన భాగమునుండి పరిహారమిచ్చుకొన్నట్లైనది.

ఈ వైపరీత్యమునకు మూలమెక్కడనున్నదో యెఱుగవలెనన్న శాసన చరిత్రము కొంత జ్ఞప్తికి దెచ్చుకొనవలయును. ఇంగ్లండులో ప్లిమత్ పట్టణమునందలి ట్రాము కంపెనీ యొకటి, తన బండ్లను ఆవిరి శక్తితో నడుపు హక్కు తనకు గలదని ప్రాస్పెక్టసులో ప్రకటించి వాటాలమ్మినది. వాస్తవమున నా హక్కు వ్యాపార మంత్రిత్వశాఖవారి యనుమతికి లోబడినది. అనుమతి చాలభాగమునకు నిరాకరింపబడినది, కంపెనీ మూతబడినది. సర్ హెన్రీ పీక్ అను వాటాదారు డైరెక్టర్లపై దావా వేసెను. 1889లో ప్రభువుల సభ యిచ్చిన తీర్పు సుప్రసిద్ధము. డైరెక్టర్లు తమ మాట నిజమని మనసార నమ్మి యుండిరి గనుక, ఆ నమ్మకమునకు సరియైన యాధారము లేకపోయినను, అది మోసము గాదు, నష్టపరిహారము లేదు అని తేలినది. ఈ తీర్పుతో నజాగ్రత్తయు నొక రక్షణ కవచమయ్యెను. ప్రజలలో నలజడి పుట్టగా, మరుసటి సంవత్సరముననే, అనగా 1890లో, పార్లమెంటు డైరెక్టర్ల బాధ్యతా శాసనమును చేసినది. నాటినుండి భారము తిరుగబడినది. డైరెక్టరు మోసగాడని వాటాదారు రుజువు చేయ నక్కఱలేదు. తన మాటను నమ్ముటకు తగిన కారణములుండెనని డైరెక్టరే రుజువు చేసికొనవలయును.

అబద్ధమాడుటకు అబద్ధపు మాటలు వాడవలెనను నియమము లేదు. లార్డు కిల్సాంటుగారి వ్యవహారమే యిందులకు దృష్టాంతము. రాయల్ మెయిల్ ఓడల కంపెనీ 1928లో డిబెంచర్లమ్ముచు, తాను గడచిన సంవత్సరములలో నింతింత డివిడెండు పంచితినని ప్రకటించినది. ఆ యంకెలన్నియు నిజములే. కాని యా సంవత్సరములలో వ్యాపారమున నష్టము వచ్చెననియు, పూర్వపు నిల్వలనుండి తీసి డివిడెండు పంచిరనియు మాత్రము చెప్పలేదు. ప్రతి వాక్యము విడివిడిగ సత్యమైనను మొత్తము పత్రమసత్యమని 1931లో న్యాయస్థానము నిర్ణయించి ఆయనకు 12 నెలల ఖైదు విధించినది. చెప్పిన మాటకే గాక, చెప్పక దాచిన మాటకును జవాబుదారి గలదని లోకమునకు తెలిసినది.

మన శాసనకర్తలీ పాఠములు నేర్చుకొనకపోలేదు. 1913 నాటి కంపెనీల చట్టమునను, 1956 నాటి దానియందును ఈ బాధ్యతను గుర్తించిరి. 2013 చట్టములోని 35వ సెక్షను మఱింత విస్పష్టము. ప్రాస్పెక్టసులోని తప్పుడు మాటను గాని, దాచిన సంగతిని గాని యనుసరించి వాటాలకు సొమ్ము కట్టి నష్టపోయినవానికి కంపెనీయు, డైరెక్టర్లును, ప్రమోటర్లును, తమ యభిప్రాయము నందు చేర్చుటకు సమ్మతించిన నిపుణులును పరిహారమీయవలయును. మోసబుద్ధితో చేసిరని రుజువైనచో వారి బాధ్యతకు హద్దే లేదు. 34వ సెక్షను క్రింద క్రిమినలు శిక్ష వేఱుగనున్నది. కాగితము మీద నింతకంటె గట్టి శాసనము గోరువారెవ్వరు? కాని యీ శాసనము క్రింద సామాన్యునకు డిక్రీ వచ్చి సొమ్ము చేతబడుట మన వకీళ్ల లోకమున వినవచ్చు వార్త గాదు. కారణములు మూడు గనబడుచున్నవి.

మొదటిది: 35వ సెక్షను ప్రాస్పెక్టసునకు మాత్రమే కాపలా. సత్యం కంపెనీ యబద్ధము ప్రాస్పెక్టసులోనిది గాదు. మూడు నెలల కొకమాఱు ప్రకటించు లెక్కలలోనిది. వాటాలు కొనువారిలో నత్యధికులు కంపెనీనుండి గాక విపణిలో నొరులనుండి కొందురు. వారు నమ్మునది ఎన్నడో వెలువడిన ప్రాస్పెక్టసును గాదు, నిన్న వెలువడిన లెక్కను. ద్వారముకడ కావలివానిని నిలిపి పెరటి గోడను విడిచినట్లున్నది. బ్రిటనువారు నిరంతర ప్రకటనలలోని మోసమునకును కంపెనీని సివిలు బాధ్యురాలిగా చేయుచు 2006లో శాసనము సవరించుకొనిరి. మనకట్టి సెక్షను లేదు.

రెండవది రుజువు. ఆ మాటను 'అనుసరించి' సొమ్ము పెట్టితినని వాది చూపవలయునట. నూఱు పుటలకు మించిన యాంగ్ల పత్రములో నే పుటలోని యే వాక్యమును నమ్మి కొంటివని యడిగిన, సామాన్య గృహస్థుడేమి చెప్పగలడు? అతడు నమ్మినది వెలను. ఆ వెల యా మాటవలన నేర్పడినది. 1933 నాటి అమెరికా శాసనమున, కొత్త వాటాల రిజిస్ట్రేషను పత్రములోని యసత్యమునకు దావా వేయువాడు, సాధారణముగ, తానా పత్రము చదివితినని చూపనక్కఱలేదు. ఇక విపణిలో కొన్నవారి విషయమున, బహిరంగముగ పలికిన వెలను నమ్మినవాడు దానివెనుకనున్న మాటను నమ్మినట్లే యని యూహించుకొనవచ్చునని ఆ దేశపు సుప్రీంకోర్టు 1988లో తీర్పు చెప్పినది.

మూడవది, అన్నిటికంటె బలవత్తరమైనది, ఒంటరితనము. సత్యం కంపెనీలో 200 వాటాలున్న యొక విశ్రాంత ఉపాధ్యాయుని భావింతము. నాటి యొక్క దినమున నాతని నష్టము 27,800 రూపాయలు. దీనికొఱకు కోర్టు రుసుము కట్టి, వకీలును కుదుర్చుకొని, నిపుణుల సాక్ష్యము తెప్పించి, కోట్లు వెచ్చింపగల ప్రతివాదులతో పది సంవత్సరములు పోరాడునా? పోరాడడు. ఆతడు పోరాడడని ప్రతివాదులకును తెలియును. ఇట్టివారు లక్షమంది విడివిడిగ మౌనము వహించినచో అన్యాయార్జితము క్షేమముగ నుండును.

ఈ యొంటరితనమును పోగొట్టుటకే 2013 చట్టమున సామూహిక వ్యాజ్యమునకు 245వ సెక్షను చేర్చిరి. అది 2016 జూన్ 1వ తేదీన గాని యమలులోనికి రాలేదు. దావా వేయుటకెంతమంది కావలయునో తెలుపు నిబంధనలకు 2019 వఱకు వేచియుండవలసి వచ్చెను. సభ్యులలో నూటికైదుగురు గాని, 100 మంది గాని, ఏది తక్కువయైన నంతమంది చేరవలయును. లేదా నమోదైన కంపెనీలో నూటికి 2 వంతుల వాటా ధనము గలవారు కావలయును. ఇది మంచి ద్వారమే. కాని యది సభ్యులకును, డిపాజిటుదారులకును తెఱచిన ద్వారము. వెల పడిపోగా గుండె చెదరి యయినకాడికి అమ్ముకొన్నవాడు నేడు సభ్యుడు గాడు, నష్టము మాత్రమాతనిదే. బ్యాంకింగు కంపెనీలకీ సెక్షను వర్తింపనే వర్తింపదు. ఖర్చులను పెట్టుబడిదారుల రక్షణనిధినుండి తిరిగి యిప్పింపవచ్చునని 125వ సెక్షను చెప్పుచున్నది. కాని పెట్టిన ఖర్చు నిప్పింతురే గాని పెట్టుటకు సొమ్మియ్యరు. ముందు పెట్టగలవాడెవడు?

ఇట్టి దావాలకు దారి తీసినచో యోగ్యులైనవారు డైరెక్టర్ల పదవులకు వెఱతురనియు, అమెరికాలోవలె ప్లీడర్లు బాగుపడుదురే గాని వాటాదారులు బాగుపడరనియు కొందఱందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. మా వృత్తివారి లోపములు మాకు తెలియనివి కావు. కాని జాగ్రత్త పడినవానికి మన చట్టమే రక్షణ నిచ్చుచున్నది. సమ్మతిని ముందే యుపసంహరించుకొన్నవాడును, తనకు తెలియకుండ ప్రకటించిరని వెంటనే బహిరంగముగ తెలిపినవాడును, సమర్థుడైన నిపుణుని మాటను తగిన కారణముతో నమ్మినవాడును బాధ్యుడు గాడు. ఇక వెఱవవలసినవాడు చదువక సంతకము చేయువాడు. అట్టివాడు వెఱచుట దేశమునకు మేలే.

ఎవరు చెల్లింపవలయునను ప్రశ్నయు ముఖ్యమే. కొత్త వాటాలమ్మి కంపెనీయే సొమ్ము చేసికొన్నప్పుడు కంపెనీ తిరిగి యిచ్చుట న్యాయము. విపణిలో జరిగిన మోసమున కంపెనీకి వచ్చినదేమియు లేదు. దానిచేత చెల్లింపజేయుట యొక జేబులోనిది తీసి మఱియొక జేబులో వేయుటయే. అట్టిచోట భారము ప్రధానముగ వాటాలమ్ముకొని లాభపడిన ప్రమోటర్లమీదను, కన్నులు మూసికొని సంతకము చేసిన డైరెక్టర్ల, ఆడిటర్ల మీదను పడవలయును.

కావున మేము కోరునది నాలుగు మాటలలో చెప్పవచ్చును. నిరంతర ప్రకటనలలోని యసత్యమునకును 35వ సెక్షనువంటి సివిలు బాధ్యత యుండవలయును. వెలను నమ్మినవాడు మాటను నమ్మినట్లే యను నూహను శాసనమంగీకరింపవలయును. సామూహిక వ్యాజ్యము నాడు కొని నష్టపోయినవారందఱికిని, నేడు సభ్యులైనను గాకున్నను, అందుబాటులో నుండవలయును. తొలి ఖర్చునకు రక్షణనిధినుండి ముందుగనే సహాయము చేయవలయును. సెబీ రాబట్టు సొమ్ము మొదట మోసపోయినవారికి చెందవలయును. ఇది యసాధ్యమనరాదు. 2003, 2005 సంవత్సరముల మధ్య బినామీ ఖాతాలతో కొత్త వాటాలను కాజేసిన వ్యవహారమున, నష్టపోయిన దరఖాస్తుదారుల నెన్నిక చేసి 2010లో సెబీయే సొమ్ము పంచియిచ్చినది. మనసున్నచో మార్గముండునని నాడు రుజువైనది.

దొంగను పట్టి కట్టివేసిన తలారిని గ్రామము మెచ్చుకొనును. కాని సొమ్ము పోయిన యింటివాడు తలారి నడుగు మొదటి ప్రశ్న వేఱు. ఆ ప్రశ్నకు మన శాసనము నేటివఱకు సరియైన ప్రత్యుత్తరము చెప్పలేదు.