బస్తాను నిలదీయండి
అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో చలికాలం పెల్లెట్ స్టవ్ వేడి తగ్గితే ముందు తిట్లు తినేది స్టవ్వే. నన్నడిగితే నిలదీయాల్సింది అందులో కాల్చే కలప గుళికల (పెల్లెట్ల) బస్తాను. గుళికలను మంటలోకి తోసే ఆగర్ అనే మర వాటిని తూచి వేయదు, తిరిగినన్నిసార్లు తనలో పట్టినంత తోస్తుంది. అందుకే బస్తాలో పొడి ఎక్కువైతే మంట కుంటుపడుతుంది. బెరడు, మట్టి కలిసిన సరుకైతే మరీ ఘోరం: బూడిద కరిగి గడ్డకట్టి గాలి రంధ్రాలను మూసేస్తుంది. చెమ్మ ఉంటే కొంత వేడి దాన్ని ఆవిరి చేయడానికే పోతుంది. ఐరోపాలో గుళికల నాణ్యతకిచ్చే ఈఎన్‌ప్లస్ ఏ1 ముద్రకు బూడిద 0.7 శాతం, తేమ 10 శాతం దాటకూడదు. ఇక గట్టి కలపే మేలంటారా? కిలోకు కిలో చూస్తే, జిగురున్న పైన్ లాంటి మెత్త కలపే సాధారణంగా కాస్త ఎక్కువ వేడినిస్తుంది. కొనేవాళ్లు మాత్రం ఇప్పటికీ బస్తా మీద ధరే చదువుతున్నారు, బూడిద శాతం చదవడం లేదు.