నాచు పొడీ, గులాబీ ఉప్పూ, మా అక్కా

సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరెళ్తే వంటింట్లో ఉప్పు డబ్బా మారిపోయింది. లోపల గులాబీ రంగు ఉప్పు. పక్కనే ఇంకో చిన్న డబ్బాలో సముద్రపు నాచు పొడి. ఏడో నెలలో పురిటికొచ్చిన మా అక్క రీల్స్ చూసి రెండూ ఆర్డర్ పెట్టిందట. "ప్యాకెట్ ఉప్పులో కెమికల్ కలుపుతార్రా తమ్ముడూ. అయోడిన్ కోసం రోజూ నా పప్పులో అర చెంచా ఈ పొడి వేసుకుంటే చాలు" అంది. అమ్మమ్మ ఒకటే నవ్వు. "నాచు చెరువులో ఉంటాది గానీ కూరలో ఏటిరా!"

నిజం చెప్పాలంటే నాకు మొదట ఐడియా నచ్చింది. ఫాలూదాలో వేసే చైనాగ్రాస్ కూడా సముద్రపు నాచు నుంచే తీస్తారు కదా. కానీ డబ్బా తిప్పి చూస్తే కెల్ప్ అని ఉంది, అయోడిన్ ఎంతో మాత్రం ఎక్కడా లేదు. అక్కడే భయమేసింది. పెద్దవాళ్ళకి రోజుకి 150 మైక్రోగ్రాములు చాలు, గర్భిణులకి 250. జపాన్ వాళ్ళు వాడే కొంబు అనే కెల్ప్ ఎండుది ఒక్క గ్రాములోనే 1000 దాటిపోవచ్చు. సుషీకి చుట్టే నోరిలో అయితే చాలా తక్కువ. అంటే 'నాచు' అనే ఒక్క మాటతో డోసు చెప్పలేం. జపాన్‌లో హొక్కైడో తీరంలో కెల్ప్ ఎక్కువ తినడం వల్లే గాయిటర్ వచ్చినవాళ్ళున్నారు. ఎక్కువైతే కడుపులో బిడ్డ థైరాయిడ్‌కీ మంచిది కాదు.

ఇక ఆ 'కెమికల్' సంగతి. అది పొటాషియం అయోడేట్. మన ఉప్పులోకి అయోడిన్ రావడం వెనక ఒక తెలుగాయన ఉన్నారని నాకూ ఈమధ్యే తెలిసింది. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. 1956లో హిమాచల్ కాంగ్రా లోయలో ఆయన బృందం కొన్ని ఊళ్ళకి అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి చూసింది. మన భాషలో చెప్పాలంటే ఏ/బీ టెస్టింగ్. అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్ళలో గాయిటర్ బాగా తగ్గింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

సముద్రం పక్కనే ఉన్నాం, మనకేం లోటు అని కోనసీమలో చాలామంది అంటారు. గాలి తగిలితే సరిపోదండీ. వరదలు నేలలో అయోడిన్‌ని కడిగేస్తాయి, మనది గోదావరి లంకల నేల. పైగా మా ఇంట్లో ఎక్కువ తినేది చెరువు చేప. అయోడిన్ విషయంలో సముద్రపు చేపే నయం.

ఇంటికి చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం అయోడిన్ ఉండాలని రూలు. అంటే గ్రాముకి 15 మైక్రోగ్రాములు. గులాబీ ఉప్పు చాలావరకు అయోడిన్ కలపకుండానే అమ్ముతారు. కాబట్టి రంగు కాదు, ప్యాకెట్ మీద 'అయోడైజ్డ్' అని ఉందో లేదో చూడాలి. మా ఇంట్లోలా పొయ్యి పక్కన మూత తీసి పెట్టినా అయోడిన్ తగ్గిపోతుంది. బీపీకి ఉప్పు తగ్గించిన మా మావయ్య లాంటివాళ్ళు మాత్రం డాక్టర్ని అడగాలి, వాళ్ళ లెక్క వేరు.

అక్క నా మాట వినలేదు. చెకప్‌లో డాక్టరమ్మ చెప్తే వింది. గులాబీ ఉప్పు డబ్బులు పెట్టి కొన్నాం కదా అని జామకాయ ముక్కల మీదకి ఉంచారు. నాచు పొడి మాత్రం అమ్మమ్మ కరివేపాకు చెట్టు మొదట్లో పోసేసింది.